సగం ఎపిసోడ్ నుంచి సబ్‌టైటిల్స్ లేటు, ఎలా సరిచేయాలి?

‘వెన్ ద కమీలియా బ్లూమ్స్’ అనే కొరియన్ సీరియల్ (2019, కేబీఎస్2 చానెల్) లాప్‌టాప్‌లో వీఎల్‌సీ ప్లేయర్‌లో చూస్తున్నాను, ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ ఉన్న ఎస్‌ఆర్‌టీ ఫైల్ విడిగా పెట్టుకుని. ప్రతి ఎపిసోడ్‌లో మొదటి 32 నిమిషాలు బాగానే ఉంటుంది, అక్కడి నుంచి చివరిదాకా సబ్‌టైటిల్స్ 4 సెకన్లు లేటు. కొరియాలో దీన్ని అరగంట చొప్పున 40 భాగాలుగా వేశారు, నా దగ్గరున్నవి గంటవి 20, కాబట్టి రెండు భాగాలు అతికిన చోటే తేడా వస్తోందని నా అనుమానం. ప్రేమ సీన్లయితే పర్లేదు, హీరో యోంగ్‌సిక్ మొహం చూస్తేనే సగం అర్థమైపోతుంది. హంతకుడి సీన్లలోనే ఇబ్బంది, ఎవరు ఏమన్నారో తెలిసేలోపు సీన్ మారిపోతోంది.

వీఎల్‌సీలో సబ్‌టైటిల్స్‌ని త్వరగా వచ్చేలా చేసే జీ కీ నొక్కి చూశాను. ఒక్కో నొక్కుకి 50 మిల్లీసెకన్లు, అంటే 80 సార్లు! రెండో సగం సరిపోయింది కానీ మళ్లీ వెనక్కి వెళ్తే మొదటి సగం చెడింది. ఇంకో సబ్‌టైటిల్ ఫైల్ పెట్టినా అదే తంతు. నోట్‌ప్యాడ్‌లో తెరిచి టైమ్‌లు చేత్తో మార్చబోతే 60 లైన్లకే ఓపిక అయిపోయింది.

హంతకుడెవరో మాత్రం చెప్పకండి ప్లీజ్, ఇంకా 9వ ఎపిసోడ్‌లోనే ఉన్నాను. 32వ నిమిషం తర్వాతి లైన్లను మాత్రమే ఒకేసారి 4 సెకన్లు ముందే వచ్చేలా జరపాలంటే ఏం వాడాలి?