చిన్న బడ్జెట్, పెద్ద తెర: 32 అంగుళాల మానిటరా, 43 అంగుళాల 4కే టీవీయా?

కోడ్‌కూలీ:
పని అంతా కోడ్, స్ప్రెడ్‌షీట్లు. గేమ్స్ లేవు. ఒకే డబ్బుకి 32 అంగుళాల 2560×1440 మానిటరూ వస్తోంది, 43 అంగుళాల 4కే టీవీ కూడా వస్తోంది. టీవీలో పిక్సెళ్లు రెండింతల పైనే. ఇంకా మానిటర్ ఎందుకు కొనాలి?

పిక్సెల్‌పంతులు:
మొత్తం పిక్సెళ్లు వదిలేయండి, అంగుళానికి ఎన్నో చూడండి. మీ టీవీకి దాదాపు 102, మీ మానిటర్‌కి 92. ఆ 92 అంటే 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీలో ఉండే నునుపే. టీవీని తీసిపారేయక్కర్లేదు. 32 అంగుళాల ఫుల్ హెచ్‌డీ జోలికి మాత్రం పోవద్దు. అక్కడ 69 మాత్రమే, అక్షరాల అంచులు మెట్లుమెట్లుగా కనిపిస్తాయి.

తెర_వెనక:
లెక్క బాగుంది పంతులుగారూ, అసలు తిరకాసు చెప్పలేదు. చాలా టీవీలు రంగు వివరాన్ని కుదించి 4:2:0లోనో 4:2:2లోనో చూపిస్తాయి. తెలుపు మీద నలుపు బాగానే ఉంటుంది. నల్ల ఎడిటర్‌లో ఎర్ర అక్షరాలు పెట్టి చూడండి, అలికేసినట్టుంటాయి. కోడ్ రాసేవాళ్లు పొద్దస్తమానం చూసేది అదే కదా!

పిక్సెల్‌పంతులు:
దానికి మందుంది. ఇన్‌పుట్ పేరుని ‘పీసీ’గా మార్చండి, చాలా మోడళ్లలో 4:4:4, అంటే కుదించని పూర్తి రంగు, దాంతోనే వస్తుంది. ఆ పోర్టుకి హెచ్‌డీఎంఐ పూర్తి బ్యాండ్‌విడ్త్ ఆన్ చేయాలి, బొమ్మ అంచులు కోసేసే ఓవర్‌స్కాన్ ఆపాలి. తర్వాత షార్ప్‌నెస్. బూడిద రంగు మీద నల్ల అక్షరం పెట్టి, దాని చుట్టూ తెల్లటి గీత పోయేదాకా తగ్గించండి. కొన్ని కంపెనీలకి అది సున్నా, కొన్నిటికి మధ్యలో ఎక్కడో. అప్పటికీ అంచుల్లో రంగు కనిపిస్తే ప్యానెల్ సబ్‌పిక్సెళ్లు (ఒక్కో పిక్సెల్‌లోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం ముక్కలు) తిరగేసిన వరసలో ఉండొచ్చు. విండోస్‌లో అక్షరాలని నునుపు చేసే క్లియర్‌టైప్ సర్దుబాటు ఒకసారి నడపండి.

తెర_వెనక:
ఏం చేసినా 4:4:4 ఇవ్వని టీవీలున్నాయండీ, డబ్బా మీద ఆ సంగతి రాయరు. లాప్‌టాప్‌లో హెచ్‌డీఎంఐ 1.4 ఉంటే 4కే 30 హెర్ట్జ్ (సెకనుకి 30 బొమ్మలు) దగ్గర ఆగిపోతుంది, మౌస్ ఎగిరెగిరి కదులుతుంది. కేబుల్ మార్చినా లాభం లేదు. డిస్‌ప్లే అవుట్ ఉన్న టైప్-సీ పోర్టుంటే హెచ్‌డీఎంఐ 2.0 అడాప్టర్‌తో 60 రావచ్చు. చౌక హబ్‌లు కొన్ని 30 దాటవు. పైగా సిస్టమ్ నిద్రలేచినప్పుడల్లా రిమోట్ వెతుక్కోవాలి.

అక్షరం88:
బల్ల లోతెంతో ఎవరూ అడగలేదే? 43 అంగుళాలంటే 95 సెంటీమీటర్ల వెడల్పు, 53 ఎత్తు. కళ్లకి 80 దూరంలోనైనా లేకపోతే పై మూలలు చూడ్డానికి మెడ ఎత్తుతూనే ఉండాలి.

కోడ్‌కూలీ:
బల్ల లోతు 60 అండీ.

అక్షరం88:
అయితే టీవీ మాట మర్చిపోండి. స్టాండు కాళ్లే 20 పైన తినేస్తాయి. ఆ దూరానికి 32 కూడా పెద్దదే. పైగా చౌక 32లు ఎక్కువగా వీఏ ప్యానెళ్లు: నలుపు చిక్కగా ఉంటుంది గానీ, దగ్గర్నుంచి చూస్తే అంచుల్లో రంగు పాలిపోతుంది. నా ఓటు 27 అంగుళాల 2560×1440 ఐపీఎస్‌కి, పక్కనుంచి చూసినా రంగు పెద్దగా మారని ప్యానెల్ అది. అంగుళానికి 109, స్కేలింగ్ (తెర మీద అక్షరాలని పెద్దవి చేసే సెట్టింగ్) వంద శాతం దగ్గరే ఉంచుకోవచ్చు. చౌక స్టాండ్లు ముందుకూ వెనక్కూ వంగుతాయే తప్ప పైకి లేవవు, వెనక 100×100 వెసా రంధ్రాలు (వేరే స్టాండు బిగించుకునేవి) ఉన్నాయో లేదో చూసి కొనండి.

పిక్సెల్‌పంతులు:
గోడకి బిగించే ఏర్పాటుంటే, బల్లని గోడనుంచి 20 ముందుకి లాగితే 43 ఇప్పటికీ పనికొస్తుంది. నా మాట నేను వెనక్కి తీసుకోను. ముందు లాప్‌టాప్ పోర్టు ఏదో చెప్పండి.