1968 అంబాసిడర్ మార్క్ 2 కి ఒరిజినల్ గ్రిల్, హెడ్‌లైట్ రింగులు ఏవో చెప్పగలరా

అన్నలూ, మాది కావలి. మా తాత వాడిన 1968 అంబాసిడర్ మార్క్ 2 ని మళ్ళీ పాత రూపుకి తెద్దామని పని పెట్టుకున్నా, ఇంజన్ బాగానే ఉంది, సమస్యంతా ముందు వైపే. మార్క్ 2 అంటే దగ్గర దగ్గరగా చిన్న గళ్ళ గ్రిల్ కదా, మా బండికున్నది పెద్ద గళ్ళది, ఎప్పుడో గుద్దుకుంటే ఒంగోలు షెడ్డులో దొరికింది బిగించేశారంట, తర్వాత మోడల్‌దని నా అనుమానం.

హెడ్‌లైట్ రింగులు ఇంకా తికమక. ఎడమది అయస్కాంతానికి అంటుకుంటాది, కుడిది అంటుకోదు, క్రోమ్ లేచిన చోట పసుప్పచ్చగా ఇత్తడి కనపడతాది. అంటే కుడిదే పాతదా? లైటు మీద గొడుగులాగా వచ్చే క్రోమ్ రేకు కంపెనీదేనా, లేక జనం బయట పెట్టించుకునేవాళ్ళా?

చెన్నై పుదుపేటలో ఒకాయన వేరే గ్రిల్ చూపించి ఇది సరిపోద్ది అన్నాడు, సరిపోవడం వేరు ఆ ఏడాదిది కావడం వేరు కదన్నా, అందుకే కొనలేదు. 1965-70 మధ్య బండి చెక్కుచెదరకుండా ఇంట్లో ఉన్నోళ్ళు ముందు వైపు ఫోటో పెట్టండి, బానెట్ ఎత్తి గ్రిల్ వెనక బోల్టులు ఎక్కడొస్తాయో కూడా కనపడేట్టు తీస్తే చాలా మేలు. నెల్లూరులో ఇత్తడి మీద క్రోమ్ ప్లేటింగ్ బాగా చేసేవాళ్ళు తెలిసినా చెప్పండి, ఆ రింగు పారేయబుద్ధి కావట్లా.