డౌన్‌టౌన్ కన్వెన్షన్ హోటల్‌కి ప్రజల డబ్బు పెట్టాలా?

పోస్ట్:
అమెరికాలో చాలా సిటీల్లో ఇదే వరస. ముందు కన్వెన్షన్ సెంటర్ కడతారు, కొన్నేళ్ళకి పక్కన పెద్ద హోటల్ లేదు కాబట్టి ఈవెంట్లు రావట్లేదంటారు, ప్రైవేట్ వాళ్ళు ముందుకు రావట్లేదు కాబట్టి సిటీయే బాండ్లు (అంటే అప్పు పత్రాలు) అమ్మి కట్టాలంటారు. అంత లాభం ఉంటే బ్యాంకులే క్యూ కట్టేవి కదా? సెయింట్ లూయిస్‌లో 2003లో పబ్లిక్ సాయంతో వెయ్యికి పైగా గదుల హోటల్ తెరిచారు, 2009కల్లా బాండ్లు కొన్నవాళ్ళే దాన్ని జప్తు చేసుకున్నారు. ఫీనిక్స్ సిటీ దాదాపు 350 మిలియన్ డాలర్లు పెట్టి షెరటన్ హోటల్ కట్టించి 2008లో తెరిచింది, 2018లో 255 మిలియన్లకి అమ్మేసింది. ఆ తేడా ఎవరి జేబులోంచి పోయినట్టు?

రిప్లై 1:
బ్రో, బ్యాంకులు ఇవ్వకపోవడానికి అసలు కారణం రూమ్ బ్లాక్, అంటే ఒక ఈవెంట్ కోసం ఒకే హోటల్లో చాలా గదుల్ని ముందే పక్కన పెట్టడం. ఒక డాక్టర్ల సంఘం ఐదు వేల మందితో మీటింగ్ పెట్టాలంటే కొన్నేళ్ళ ముందే బుక్ చేసుకుంటుంది, వాళ్ళ ప్లానర్ అడిగే మొదటి ప్రశ్న ఒకే హోటల్లో ఎన్ని గదులు ఇస్తారు అని, ఇక్కడ రెండొందలు అక్కడ నూటయాభై మిగతాది షటిల్ బస్సుల్లో అంటే లిస్టులోంచి తీసేస్తారు. అదే గదుల్ని మంచి సీజన్లో ఎక్కువ రేటుకి అమ్ముకోగలిగే ప్రైవేట్ ఓనర్ అన్నేళ్ళ ముందు గ్రూప్ రేటుకి ఎందుకు పక్కన పెడతాడు చెప్పు? సిటీ డబ్బు పెట్టి కొనేది గదులు పక్కన పెడతామన్న ఆ మాటనే. డెన్వర్ అలాగే చేసింది, 1,100 గదుల హయత్ హోటల్‌ని 2005లో సొంత అథారిటీ (సిటీ పెట్టిన ప్రత్యేక సంస్థ) కిందే తెరిచింది, అది బాగానే నిలబడింది.

రిప్లై 2:
నిలబడింది సరే, కానీ డెన్వర్ సిటీ ఆ అథారిటీకి ఏటా కొంత డబ్బు కడుతుంది, అది కూడా చెప్పాలి కదండీ. ఇంకోటి, పక్కనున్న హోటళ్ళ సంగతేంటి? వాళ్ళు కట్టే టాక్స్‌తోనే వాళ్ళకి పోటీ తెస్తున్నారు. డల్లాస్‌లో 2009 మేలో సిటీ సొంతంగా ఇలాంటి హోటల్ పెట్టొచ్చా అన్నదాని మీద ఓటింగే జరిగింది, వ్యతిరేక ప్రచారానికి డబ్బు పెట్టింది అక్కడి పెద్ద హోటల్ ఆనటోల్ యజమానులైన క్రో కుటుంబ సంస్థే, చివరికి స్వల్ప తేడాతో సిటీ గెలిచి 2011లో 1,001 గదులతో ఓమ్నీ హోటల్ తెరిచారు. ఆ ప్రచారంలో స్వార్థం ఉందనుకున్నా, వాళ్ళడిగిన ప్రశ్న న్యాయమైనదే.

రిప్లై 1:
ఊరికి కొత్త కన్వెన్షన్ వస్తే ఆ పాత హోటళ్ళు కూడా నిండుతాయి అన్నా, ఐదు వేల మంది వెయ్యి గదుల్లో పట్టరు.

పోస్ట్ పెట్టిన వ్యక్తి:
వస్తే నిండుతాయి, ఒప్పుకుంటా. రాకపోతే? బాల్టిమోర్‌లో సిటీ సొంతంగా కట్టిన హిల్టన్ 2008లో తెరుచుకుంది, సరిగ్గా మాంద్యం టైమ్‌లో, ఏళ్ళ తరబడి నష్టాలే. ఆ బాండ్లకి హోటల్ ఆదాయం చాలకపోతే వాడమని ఊళ్ళోని హోటల్ టాక్స్‌లో వాటా కూడా హామీగా పెట్టారు. నాకు కోపం వచ్చేది అక్కడే. హోటల్ కట్టొద్దు అనట్లేదు నేను, బాండ్లు కొన్నవాళ్ళు హోటల్ ఆదాయాన్ని మాత్రమే నమ్ముకుని కొననీ, నష్టం వస్తే వాళ్ళే భరించనీ. అప్పుడు వడ్డీ ఎక్కువ అడుగుతారు, అడగనీ, ఆ వడ్డీయే ఆ ప్రాజెక్ట్‌లో ఉన్న అసలు రిస్క్. సిటీ గ్యారంటీ ఇస్తే వడ్డీ తగ్గుతుంది కానీ రిస్క్ తగ్గదు, అది టాక్స్ కట్టేవాళ్ళ నెత్తికి మారుతుంది అంతే. దానికి తోడు ఫీజిబిలిటీ రిపోర్ట్ (హోటల్ గిట్టుబాటవుతుందా అని చెప్పే నివేదిక) రాసే కన్సల్టెంట్‌కి ఫీజు ఇచ్చేది ఆ హోటల్ కావాలనుకునే వాళ్ళే, గదులు ఎంత శాతం నిండుతాయి అని వాళ్ళేసే అంచనా మీదే బాండ్ల లెక్క మొత్తం నడుస్తుంది.

రిప్లై 2:
నేను కూడా ఇదే అంటున్నా. రూమ్ బ్లాక్ అగ్రిమెంట్‌లో ఏడాదికి ఎన్ని రాత్రులు, ఎన్ని గదులు, ఎన్నేళ్ళ ముందు ఇస్తారో ఓటింగ్‌కి ముందే జనం ముందు పెట్టాలి. గ్యారంటీ ఏ ఫండ్‌లోంచి అన్నది కూడా బ్యాలెట్ మీదే రాయాలి.