ఆసియా సస్టైనబుల్ బాండ్ ఫండ్‌లో 15 లక్షలు పెట్టమంటున్నారు, పెట్టొచ్చా?

నల్లగొండ_టీచర్:

అందరికీ నమస్తే. నాది నల్లగొండ, సర్కారు బడిలో టీచర్‌ని. నార్కట్‌పల్లి దగ్గర ప్లాటు అమ్మితే ఖర్చులన్నీ పోను 15 లక్షలు మిగిలాయి. మామూలుగా అయితే ఎఫ్‌డీ వేసి ఊరుకునేవాణ్ని, కానీ 2025లో ఆర్‌బీఐ రెపో రేటును (బ్యాంకులకు అది అప్పిచ్చే వడ్డీ రేటు) 6.5 నుంచి 5.25 దాకా దించేసరికి ఎఫ్‌డీ వడ్డీలు కూడా కిందికొచ్చాయి. ఇప్పుడు ఏడు శాతం ఇస్తారా అని అడిగితే బ్యాంకులో అదోలా చూస్తున్నారు.

మా బావమరిది సింగపూర్‌లో ఉంటాడు. అక్కడ అతనికి తెలిసిన ఏజెంటు ఒకాయన ఒక ఫండ్ కాగితాలు పంపించాడు. ఆసియా దేశాల ప్రభుత్వ బాండ్లు, కంపెనీల బాండ్లు (అంటే వాళ్లు తీసుకునే అప్పు పత్రాలు) కలిపి కొంటారట, అవి కూడా పర్యావరణానికి మేలు చేసేవి, అంటే సోలార్, మెట్రో రైళ్లు, తాగునీళ్లు, అట్లాంటివేనట. ఫండ్ రిజిస్టర్ అయింది లక్సెంబర్గ్‌లో, లెక్కంతా డాలర్లలో. దిగుబడి 6 శాతం దాకా అని, డ్యురేషన్ 5 దాకా అని రాసుంది, నెలనెలా డబ్బులు కూడా వస్తాయట. చూడ్డానికి బాగుంది. ప్రభుత్వ బాండ్లు ఉన్నాయి కాబట్టి అసలు ఎక్కడికీ పోదు, ఎఫ్‌డీ లాంటిదే అంటున్నాడు బావమరిది. నిజమేనా? ఇంకోటి, ఈ సస్టైనబుల్ అనేదాంట్లో ఏమన్నా పస ఉందా, లేక ఉత్త పేరేనా? టాక్స్ సంగతి అయితే నాకు అస్సలు తెలియదు. మా పాప ఇంటర్ ఫస్టియర్, రెండేళ్లలో కాలేజీ ఫీజులు మొదలవుతాయి, అది కూడా దృష్టిలో పెట్టుకుని చెప్పండి.

పాలమూరు_టు_సింగపూర్:

టీచర్ సాబ్, నాది జడ్చర్ల, ఉద్యోగం సింగపూర్‌లో. ఇలాంటి ఫండ్ ఒకటి నా దగ్గరా ఉంది, కాబట్టి మంచీ చెడ్డా రెండూ చెప్తాను.

ముందుగా, ఇది ఎఫ్‌డీ కాదు. ఎఫ్‌డీకి గడువు తేదీ ఉంటుంది, ఆ రోజు ఎంత వస్తుందో ఈ రోజే రాసిస్తారు. ఒక్క బాండు మీరే కొని చివరిదాకా పెట్టుకున్నా కంపెనీ మునగకపోతే అంతే. కానీ ఫండ్‌కి చివరి తేదీ అంటూ ఉండదు, లోపల బాండ్లు కొంటూ అమ్ముతూ పోతుంటారు, మీరు అమ్మే రోజు ధర ఎంతుంటే అంతే మీ డబ్బు. డ్యురేషన్ 5 అని రాసుంది చూశారా, దానర్థం ఏంటంటే మార్కెట్లో వడ్డీ రేట్లు ఒక శాతం పెరిగితే ఫండ్ విలువ దాదాపు 5 శాతం తగ్గుతుంది, రేట్లు తగ్గితే అంతే పెరుగుతుంది. 2022లో అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడ్ సున్నా దగ్గర ఉన్న రేటును గబగబా పెంచుకుంటూ పోయింది, ఆ ఒక్క ఏడాదే ఆసియా డాలర్ బాండ్ల సూచీ పది శాతానికి పైగా పడింది. అందులో మంచి రేటింగ్ ఉన్నవీ పడ్డాయి, గ్రీన్ అని పేరున్నవీ పడ్డాయి. మీకు రెండేళ్లలో డబ్బు కావాలి, ఫండ్ డ్యురేషన్ ఐదు. నాకు ఇక్కడే లెక్క కుదరడం లేదు.

రెండోది, ప్రభుత్వం అంటే పోదు అనే మాట. ఏ ప్రభుత్వమైనా సొంత కరెన్సీలో చేసిన అప్పు తీర్చడం ఒక రకం, డాలర్లలో చేసిన అప్పు తీర్చడం ఇంకో రకం, ఎందుకంటే డాలర్లు అది అచ్చు వేసుకోలేదు. శ్రీలంక 2022 ఏప్రిల్‌లో విదేశీ అప్పులు కట్టలేమని చెప్పేసింది, ఆ డాలర్ బాండ్లు పట్టుకున్నవాళ్లకు పాతవాటి బదులు కొత్త బాండ్లు చేతికొచ్చేసరికి 2024 డిసెంబర్ అయింది, అదీ కోత పడ్డాక. కంపెనీల సంగతికొస్తే చైనా రియల్ ఎస్టేట్ మీకు గుర్తుండే ఉంటుంది. అక్కడి పెద్ద బిల్డర్ ఎవర్‌గ్రాండ్ 2021 డిసెంబర్‌లో అప్పు ఎగ్గొట్టింది, 2024 జనవరిలో హాంకాంగ్ కోర్టు దాన్ని మూసేయమని ఆర్డరిచ్చింది. గ్రీన్ బాండ్లు అమ్మిన చైనా బిల్డర్లు కూడా ఆ తుఫానులో కొందరు కొట్టుకుపోయారు. అమెరికా సర్కారుకే అప్పిస్తే నాలుగు శాతం అటూ ఇటూ వస్తున్నప్పుడు, ఆరు ఇస్తామనేవాళ్లు ఆ పైన రెండు శాతం ఊరికే ఇవ్వరు కదా.

ఆ నెలనెలా వచ్చే డబ్బు గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఏజెంట్లు దీంతోనే అమ్ముతారు. సింగపూర్‌లో, హాంకాంగ్‌లో అమ్మే చాలా ఫండ్ల కాగితాల్లో కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది, పంపిణీ మూలధనం నుంచి కూడా జరగవచ్చు అని. అంటే బాండ్ల మీద వచ్చిన వడ్డీ సరిపోకపోతే మీ అసలులోంచే తీసి మీకే ఇస్తారు. చేతికి డబ్బు వస్తోంది అనుకుంటాం, అటు యూనిట్ విలువ కరుగుతుంటుంది. మీ కాగితాల్లో ఆ వాక్యం ఉందో లేదో వెతకండి. ముందు చార్జీ, అంటే కొనేటప్పుడే కోసుకునేది, ఎంతో కూడా చూడండి, 5 శాతం దాకా తీసుకోవచ్చని కొన్నిట్లో రాసే ఉంటుంది. అట్లా ఉంటే మొదటి ఏడాది దిగుబడి దాదాపు ఏజెంటుకే పోయినట్టు.

మరి నేనెందుకు పెట్టుకున్నానంటే, నా జీతం రూపాయల్లో కాదు, ఖర్చూ రూపాయల్లో కాదు, ఆ డబ్బుతో ఏడెనిమిదేళ్ల దాకా పని లేదు. మీ పరిస్థితి అది కాదు.

దామరచర్ల_వాసి:

గ్రీన్ సంగతి నేను చెప్తా. మా దామరచర్ల మండలంలోనే యాదాద్రి థర్మల్ ప్లాంట్ ఉంది, 800 మెగావాట్లవి ఐదు యూనిట్లు, మొత్తం 4000 మెగావాట్లు, అంతా బొగ్గే. దానికి అప్పిచ్చింది ఆర్‌ఈసీ, కరెంటు ప్రాజెక్టులకు అప్పులిచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ. అదే ఆర్‌ఈసీ 2017లో లండన్ ఎక్స్ఛేంజీలో 45 కోట్ల డాలర్ల గ్రీన్ బాండ్లు అమ్మింది. ఇది మోసం అని అనడం లేదు, ఆ బాండ్ల డబ్బు సోలార్‌కో గాలిమరలకో మాత్రమే వాడాలి, ఏటా లెక్క చూపించాలి, ఆ పద్ధతి ఉంది. కానీ పచ్చ ముద్ర పడేది ఆ బాండుకు, కంపెనీకి కాదు. కంపెనీ ఓ చేత్తో సోలార్‌కి ఇస్తుంది, ఇంకో చేత్తో బొగ్గుకి ఇస్తుంది. వడ్డీ కట్టేటప్పుడు మాత్రం ఆ సోలార్ ప్లాంటు ఆదాయం నుంచే కట్టాలని ఏమీ లేదు, కంపెనీ మొత్తం సంపాదనలోంచి కడుతుంది. కాబట్టి పచ్చ ముద్ర చూసి డబ్బు భద్రం అనుకోవడం తప్పు, ఆ రెండిటికీ సంబంధం లేదు.

ఇంకో రకం ఉంది, సస్టైనబిలిటీ లింక్డ్ బాండ్లు అని. వీటిలో డబ్బు దేనికైనా వాడుకోవచ్చు, కాకపోతే కంపెనీ ఒక టార్గెట్ పెట్టుకుంటుంది, ఫలానా ఏడాదికల్లా పొగ ఇంత తగ్గిస్తాం అని. తగ్గించకపోతే వడ్డీ కొంచెం పెంచాలి, చాలావాటిలో పావు శాతం. అంటే కంపెనీ మాట తప్పితే మనకు లాభం! ఇది నాకు ఇప్పటికీ నవ్వు తెప్పిస్తుంది. మీ ఫండ్‌లో ఏ రకం ఎంతుందో నెల రిపోర్టులో చూడొచ్చు.

ఏది పచ్చ అనేది కూడా ఎవరి రూలు వాళ్లదే. మన కేంద్రం 2022 నవంబర్‌లో పెట్టుకున్న గ్రీన్ బాండ్ల రూల్స్‌లో బొగ్గు, అణు విద్యుత్తు లేవు, 25 మెగావాట్లకు మించిన జల విద్యుత్తు కూడా లేదు. ఆ లెక్కన మన నాగార్జునసాగర్ పవర్ హౌస్, 800 మెగావాట్లు దాటింది, అది పచ్చది కాదన్నమాట. జపాన్ వాళ్లది ఇంకో దారి, 2024 ఫిబ్రవరిలో ట్రాన్సిషన్ బాండ్లు అని మొదలుపెట్టారు, ఇప్పుడు పూర్తిగా పచ్చ కాదు గానీ అటు వెళ్తున్నాం అని. ఇండోనేషియా 2018లోనే 125 కోట్ల డాలర్ల గ్రీన్ సుకుక్ (ఇస్లామిక్ పద్ధతి బాండ్లు) అమ్మింది. ఇవన్నీ ఒకే ఫండ్‌లో ఉండొచ్చు, అన్నీ ఒకటే అనుకోకండి.

ఇంకో తమాషా, ఆసియా ఫండ్ అంటే అందులో మన ఇండియా కంపెనీలూ ఉంటాయి. హైదరాబాద్‌లో హెడ్డాఫీసు ఉన్న సోలార్, గాలిమరల కంపెనీ గ్రీన్‌కో కూడా డాలర్ గ్రీన్ బాండ్లు అమ్మినదే. నల్లగొండ నుంచి డబ్బు లక్సెంబర్గ్ పోయి, డాలరై, తిరిగి మన దగ్గరి సోలార్‌కే అప్పుగా రావచ్చు, మధ్యలో అందరూ కమీషన్ తీసుకున్నాక.

నల్లగొండ_టీచర్:

ఇద్దరికీ థాంక్స్ అన్నా. కాగితాలు మళ్లీ తీసి చూశాను, ఆ మూలధనం నుంచి పంపిణీ అనే వాక్యం నిజంగానే ఉంది, చివరి పేజీలో. బావమరిదికి ఫోన్ చేస్తే తనకూ తెలియదన్నాడు. కానీ ఒక డౌటు, డాలర్ ఎప్పుడూ పెరుగుతూనే ఉంటుంది కదా, ఫండ్ కొంచెం పడినా రూపాయిల్లో మనకు లాభమే కదా? ఇంకా, టాక్స్ గురించి తెలిసినవాళ్లు ఎవరైనా చెప్పండి ప్లీజ్.

మెట్టుగడ్డ_అకౌంట్స్:

మహబూబ్‌నగర్‌లో టాక్స్ రిటర్నులు వేయడం నా పని. వరుసగా చెప్తాను.

డబ్బు విదేశాలకు పంపడం ఎల్‌ఆర్‌ఎస్ అనే ఆర్‌బీఐ పథకం కింద జరుగుతుంది, ఒక్కొక్కరికి ఆర్థిక సంవత్సరానికి రెండున్నర లక్షల డాలర్ల దాకా అనుమతి, కాబట్టి మీకు పరిమితి సమస్య లేదు. కానీ పెట్టుబడి కోసం ఏడాదిలో 10 లక్షలు దాటి పంపితే దాటినదాని మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందస్తు టాక్స్) పట్టుకుంటుంది. మీరు 15 లక్షలు పంపితే పైన 5 లక్షల మీద లక్ష రూపాయలు అదనంగా కట్టాలి. అది పోయే డబ్బు కాదు, రిటర్నులో కలుపుకోవచ్చు, లేదా మీ డీడీఓకి (జీతాల బిల్లు చేసే అధికారి) ముందే చెప్తే జీతంలో కోసే టీడీఎస్‌లో సర్దుకోవచ్చు. మన ఆఫీసుల్లో ఎంతమంది డీడీఓలకు ఈ రూలు తెలుసో దేవుడికెరుక.

ఇప్పుడు మీరు టాక్స్ రిటర్ను బహుశా ఐటీఆర్-1 ఫారంలో వేస్తుంటారు. విదేశీ ఫండ్‌లో ఒక్క యూనిట్ ఉన్నా అది కుదరదు, ఐటీఆర్-2 వేసి అందులో షెడ్యూల్ ఎఫ్‌ఏ (విదేశీ ఆస్తుల పట్టిక) నింపాలి. ఆదాయం రాకపోయినా నింపాలి. అందులో లెక్క ఏప్రిల్ నుంచి మార్చి కాదు, జనవరి నుంచి డిసెంబర్. దాచిపెడితే బ్లాక్ మనీ చట్టం కింద 10 లక్షల పెనాల్టీ ఉంది. స్థలాలు, ఇళ్లు కాకుండా మిగతా విదేశీ ఆస్తులు మొత్తం 20 లక్షల లోపు ఉంటే ఆ పెనాల్టీ వేయరని 2024లో సడలించారు, అయినా దాన్ని నమ్ముకుని వదిలేయొద్దు, రేపు నోటీసు వస్తే తిరగాల్సింది మీరే. నెలనెలా వచ్చే డబ్బు మీ జీతంతో కలిపి శ్లాబు ప్రకారం టాక్స్. అసలులోంచి ఇచ్చినా కాగితం మీద డివిడెండ్ అని రాస్తే, మీ సొంత డబ్బు మీదే టాక్స్ కట్టే పరిస్థితి వస్తుంది.

డాలర్ సంగతి. 2022 జనవరిలో 75 లోపు ఉంది, 2024 చివరికి 85 దాటింది, నిజమే. కానీ 2002లో 48 దగ్గరున్న డాలర్ 2007 చివరికి 39కి దిగింది కూడా, అంటే అది ఎప్పుడూ ఒకవైపే పోదు. పాప ఫీజు కట్టాల్సిన ఆ నెలలో ఏ రేటుంటుందో నేను చెప్పలేను, ఏజెంటూ చెప్పలేడు.

గ్రీన్ బాండ్లే కావాలనుకుంటే ఇక్కడే ఉన్నాయి కదా. కేంద్రం 2023 జనవరి, ఫిబ్రవరిల్లో 16 వేల కోట్ల గ్రీన్ బాండ్లు అమ్మింది, మొదటి వేలంలో ఐదేళ్లది 7.10 శాతం, పదేళ్లది 7.29. ఆర్‌బీఐ రిటైల్ డైరెక్ట్‌లో ఖాతా తెరిస్తే మామూలు మనిషి 10 వేల నుంచి ప్రభుత్వ బాండ్లు కొనొచ్చు, ఖాతాకు ఫీజు లేదు, డాలర్ లేదు, షెడ్యూల్ ఎఫ్‌ఏ లేదు. మధ్యలో అమ్ముకోవాలంటే మాత్రం చిన్న మొత్తాలకు కొనేవాళ్లు సులభంగా దొరకరు, అది తెలుసుకోండి. ఇంకో మాట, గ్రీన్ అని చెప్పి ప్రభుత్వం వడ్డీ కొంచెం తక్కువే ఇవ్వాలనుకుంటుంది, పెద్ద సంస్థలు దానికి ఒప్పుకోక 2024లో ఒక వేలంలో వచ్చిన బిడ్లన్నీ ఆర్‌బీఐ తిరస్కరించాల్సి వచ్చింది. పర్యావరణం మీద ప్రేమ ఉన్నా వడ్డీ తగ్గించుకోవడానికి ఎవరూ ముందుకు రారు.

సూర్యాపేట_పెన్షనర్:

ఇంత పురాణం దేనికయ్యా. టీచర్ గారూ, మీ అమ్మగారికి అరవై దాటి ఉంటే ఆమె పేరు మీద పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ స్కీం వేయండి, 30 లక్షల దాకా వేయొచ్చు, 2023 ఏప్రిల్ నుంచి 8.2 శాతం ఇస్తున్నారు. లక్సెంబర్గ్ ఎక్కడుందో మ్యాపులో చూపించమంటే మీ బావమరిది చూపిస్తాడా?

మెట్టుగడ్డ_అకౌంట్స్:

పెద్దాయన చెప్పింది మంచి మాటే, తల్లికి ఇచ్చిన డబ్బు మీద వడ్డీ కొడుకు ఆదాయంలో కలపరు. భార్య పేరు మీద వేస్తే మాత్రం కలుపుతారు. కాకపోతే అమ్మ పేరు మీద వేశాక అది చట్టప్రకారం అమ్మ డబ్బే, మీకు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉంటే ముందే అందరితో మాట్లాడుకోండి. ఇలాంటివాటి మీద ఇళ్లల్లో గొడవలు నేను చాలా చూశాను. ఇంకా దాని గడువు ఐదేళ్లు, ముందే తీస్తే కొంత కోత ఉంటుంది, ఫీజుకి కావాల్సినంత అందులో పెట్టకండి.

నల్లగొండ_టీచర్:

అమ్మకి 68, మేము ఇద్దరం అన్నదమ్ములం, తమ్ముడితో ఆదివారం మాట్లాడతాను. ఫీజుల కోసం 6 లక్షలు ఎఫ్‌డీలోనే వేస్తున్నా, వడ్డీ తక్కువైనా సరే. బావమరిది మనసు నొచ్చుకోకుండా ఆ ఫండ్‌లో ఒక లక్ష పెడదామా అని ఆలోచన.

పాలమూరు_టు_సింగపూర్:

లక్ష కోసం షెడ్యూల్ ఎఫ్‌ఏ ఏటా నింపుతారా సార్? అకౌంటెంట్ ఫీజు, బ్యాంకు డాలర్ మార్చే కమీషన్, ముందు చార్జీ, ఇవన్నీ పోతే ఒకటి రెండేళ్ల దిగుబడి వాటికే సరిపోతుంది. అయినా పెట్టాలనిపిస్తే నెల పంపిణీ ఉన్న తరగతి (ఒకే ఫండ్‌లో యూనిట్ల రకం) వద్దు, వడ్డీ లోపలే కలిసిపోయే తరగతి అడగండి, దాదాపు అన్ని ఫండ్లలో ఉంటుంది. ముందు చార్జీ సున్నా చేయమని ఏజెంటుని గట్టిగా అడగండి, చాలామంది చేస్తారు. చేయనంటే మీ బావమరిదికి చెప్పడానికి మీకు కారణం దొరికినట్టే.