ఒకే మెల్ట్, ఒకే కాస్టింగ్: దిమ్మలో డెండ్రైట్లు ఎందుకింత లావు?

ల్యాబ్‌లో_కొత్త:
నమస్కారం. అల్యూమినియం శాండ్ కాస్టింగ్ ఫౌండ్రీలో, క్వాలిటీ ల్యాబ్‌లో చేరి 8 నెలలైంది. 7 శాతం సిలికాన్ ఉన్న ఎల్ఎమ్25 అనే అల్యూమినియం మిశ్రమంతో పోసిన పంపు బాడీ ఒకటి కోసి, పాలిష్ చేసి మైక్రోస్కోప్ కింద చూశాను. 6 మి.మీ. గోడలో డెండ్రైట్ (లోహం గడ్డకట్టేటప్పుడు చెట్టులా కొమ్మలేసే స్ఫటికం) కొమ్మల మధ్య దూరం 32 మైక్రాన్లు. బోల్టు పట్టే 40 మి.మీ. గుండ్రటి దిమ్మలో 70. దిమ్మలోంచి తీసిన టెస్ట్ బార్ 2 శాతం కూడా సాగకుండా తెగిపోతోంది. స్ఫటికాల సంఖ్య పెంచడానికి మెల్ట్‌లో వేసే టైటానియం-బోరాన్ గ్రెయిన్ రిఫైనర్ డోస్ పెంచినా ఆ దూరం తగ్గలేదు. హీట్ ట్రీట్‌మెంట్‌లో సర్దుకుంటుందని మా సూపర్‌వైజర్ గారు అంటున్నారు. నిజమేనా? ఇన్‌స్పెక్షన్ దగ్గరపడింది, టెన్షన్‌గా ఉంది.

పాత_మెల్టర్:
సర్దుకోదు తమ్ముడూ. కొలిచి అడిగావు కాబట్టి వివరంగా చెబుతాను.

సుమారు 615 డిగ్రీల దగ్గర మొదట గడ్డకట్టేది దాదాపు ఉత్త అల్యూమినియమే. అందులో సిలికాన్ 1 శాతం దాకానే పడుతుంది, మిగతాదంతా పక్కనున్న ద్రవంలోకి నెట్టేస్తుంది. సిలికాన్ పోగైన ద్రవం ఇంకా చల్లబడితే గానీ గట్టిపడదు. ఆ సమయంలో అంచున ఒక చిన్న బొడిపె ముందుకొచ్చిందనుకో, దాని మొన సిలికాన్ తక్కువున్న చోటికి చేరి ఇంకా వేగంగా పెరుగుతుంది. బొడిపె కాండమవుతుంది. కాండం పక్కల మీద కూడా అలాగే జరిగి, లంబకోణంలో కొమ్మలు వేస్తుంది. చివరికి 577 దగ్గర సందుల్లో మిగిలినది యూటెక్టిక్‌గా, అంటే అల్యూమినియం, సిలికాన్ రెండూ కలిసి ఒకేసారి, గడ్డకడుతుంది.

అయితే నువ్వు కొలిచినవి పుట్టినప్పటి కొమ్మలు కావు. సన్న కొమ్మ లావు కొమ్మకంటే కాస్త తక్కువ వేడికే కరుగుతుంది. అందుకే చుట్టూ ద్రవం ఉన్నంతసేపూ సన్నవి కరిగిపోతూ, లావువి ఇంకా లావెక్కుతూ ఉంటాయి. నాకు ఈ లోహంలో అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఇదే: ఆ చోటు ఎంతసేపు గడ్డకట్టిందో కొమ్మల దూరమే చెప్పేస్తుంది.

నీ లెక్కే చూడు. ఘనపరిమాణాన్ని ఉపరితలంతో భాగిస్తే గోడకి 3, దిమ్మకి 10 మి.మీ. గడ్డకట్టే సమయం దాని వర్గాన్ని బట్టి ఉంటుంది, అంటే 11 రెట్లు. కొమ్మల దూరం ఆ సమయానికి ఘనమూలంగా పెరుగుతుంది, అంటే 2.2 రెట్లు. ఇప్పుడు 70ని 32తో భాగించు.

రిఫైనర్ చెట్ల సంఖ్య పెంచుతుంది, కొమ్మల దూరం జోలికి పోదు. 540 డిగ్రీల సొల్యూషన్ ట్రీట్‌మెంట్ సిలికాన్ ముక్కల మొనలు గుండ్రం చేస్తుందే గానీ కొమ్మల్ని దగ్గరికి జరపదు. వేడిని తొందరగా లాగెయ్యాలి. దిమ్మ దగ్గర మౌల్డులో చిల్, అంటే వేడిని లాగేసే లోహపు ముక్క, పెట్టు.

జింకు_బకెట్:
మైక్రోస్కోప్ లేనివాళ్లు పాత గాల్వనైజ్డ్ బకెట్ చూడండి. దాని మీద మెరిసే పూలు జింకు స్ఫటికాలే, వాటిలోనూ డెండ్రైట్లే. జింకుది షట్కోణ అమరిక కాబట్టి ఆరు రెక్కలు కనిపిస్తాయి.

ల్యాబ్‌లో_కొత్త:
అన్నా, క్యాస్ట్ ఐరన్ చిల్ పెట్టి మూడు పోశాం. దిమ్మలో 44 మైక్రాన్లకి దిగింది, సాగుదల 4 శాతం వచ్చింది! కానీ మూడోదానిలో చిల్ తగిలిన వైపు గుండ్రటి సన్న రంధ్రాలున్నాయి.

పాత_మెల్టర్:
చాలా సంతోషం. ఆ రంధ్రాలు చెమ్మవి అయ్యుంటాయి. చల్లటి చిల్ మీద ఇసుకలోని తేమ పడుతుంది. తుప్పు గీకేసి, వేడి చేసి పెట్టు, మౌల్డు మూసిన వెంటనే పోయించు.