పాత కెర్నల్‌పై కొత్త మజిల్: సమయం అడిగితే ‘అనుమతి లేదు’ అంటోంది

కాలయంత్రం: ఉదయం నుంచి దీనితోనే కుస్తీ పడుతున్నాను. మజిల్ అనే సి లైబ్రరీ 1.1తో చక్కగా నడుస్తున్న ప్రోగ్రామును, ఒక్క అక్షరం కూడా మార్చకుండా 1.2తో మళ్లీ కంపైల్ చేశాను. అప్పటి నుంచి టైమ్ ఫంక్షన్ పొంతన లేని అంకెలు ఇస్తోంది. గడియారాన్ని చదివే క్లాక్_గెట్‌టైమ్ అయితే మైనస్ 1 తిరిగిచ్చి ‘అనుమతి లేదు’ అంటోంది. అన్ని అధికారాలూ ఉన్న రూట్‌గానే నడుపుతున్నాను. లినక్స్ కెర్నల్ 4.19. గడియారం చూడటానికి కూడా ఒకరి అనుమతి కావాలా?

సూక్ష్మదర్శి: అసలు మీరు ఏ గడియారాన్ని అడుగుతున్నారో చెప్పలేదు. గడచిన వ్యవధిని కొలవడానికి రియల్‌టైమ్ గడియారాన్ని వాడేవారు చాలామంది ఉన్నారు. ఎవరైనా తేదీని సరిచేస్తే అది వెనక్కి కూడా జరుగుతుంది కనుక, ఆ పనికి మోనోటోనిక్ గడియారమే తగినది.

ముక్కుసూటి: ప్రాసెసర్ 32 బిట్లదా? ఎస్‌ట్రేస్ ఫలితం, అంటే ప్రోగ్రాము కెర్నల్‌కు పంపే అభ్యర్థనల (సిస్టమ్ కాల్‌ల) జాబితా, పెట్టండి.

కాలయంత్రం: 32 బిట్ల ఆర్మ్. అది వేరే చెప్పాలనుకోలేదు. ఎస్‌ట్రేస్‌లో 403వ నంబరు సిస్టమ్ కాల్‌కు ఈపెర్మ్, అంటే అదే ‘అనుమతి లేదు’, వస్తోంది, ఆ తర్వాత ఏమీ లేదు.

ముక్కుసూటి: కంటెయినర్‌లోనా, అంటే మిగతా వ్యవస్థ నుంచి వేరుచేసిన చోటా?

కాలయంత్రం: అవును, డాకర్‌లో. అదే బైనరీ బయట బాగానే నడుస్తోంది.

దారిదీపం: ఈ మాట మొదటే చెప్పి ఉంటే మీకు ఒక పూట మిగిలేది. 32 బిట్ల యంత్రాల కోసం 403వ నంబరుతో క్లాక్_గెట్‌టైమ్64 అనే కొత్త కాల్ 2019లో కెర్నల్ 5.1తో వచ్చింది. మజిల్ 1.2 ఆ యంత్రాలలో సమయాన్ని దాచే టైమ్_టీ రకాన్ని 64 బిట్లకు పెంచింది కనుక ముందుగా దీన్నే పిలుస్తుంది. కెర్నల్ ‘అలాంటి కాల్ లేదు’ అనే అర్థంలో ఇనోసిస్, అంటే 38, ఇస్తే, నిశ్శబ్దంగా పాత 263వ కాల్‌కు వెళ్తుంది. మీ బైనరీ బయట నడుస్తున్నది అందుకే. కంటెయినర్‌లో మాత్రం ఆ అభ్యర్థన కెర్నల్ పట్టికను చేరకముందే సెకాంప్ వడపోత దాన్ని ఆపేసి, తనకు తెలియని నంబరు కనుక ఈపెర్మ్ ఇస్తోంది. లైబ్రరీ దాన్నే అసలు జవాబుగా తీసుకుని ఆగిపోతుంది. టైమ్ ఫంక్షన్ ఆ వైఫల్యాన్ని పరిశీలించదు కాబట్టి స్టాక్ అనే తాత్కాలిక మెమరీలో మిగిలి ఉన్న చెత్తే మీకు సెకన్లుగా కనిపిస్తోంది. హోస్ట్‌లో, అంటే కంటెయినర్‌ను నడిపే అసలు యంత్రంలో, సెకాంప్ లైబ్రరీ అయిన లిబ్‌సెకాంప్‌ను 2.4.2కు, డాకర్‌ను 19.03.9కు, లేదా అంతకన్నా కొత్తవాటికి మార్చండి.

సూక్ష్మదర్శి: అయితే శీర్షికలోని ‘పాత కెర్నల్’ అన్న మాటే తప్పు. కెర్నల్ 5.10 వేసినా ఆ వడపోత ఇలాగే అడ్డుపడుతుంది. పైగా ఈపెర్మ్ వచ్చినా లైబ్రరీ పాత కాల్‌కు వెళ్లి ఉంటే ఈ గొడవే ఉండేది కాదు.

దారిదీపం: శీర్షిక సంగతి ఒప్పుకుంటాను, రెండోది ఒప్పుకోను. గడియారాన్ని మార్చే క్లాక్_సెట్‌టైమ్‌కు ఈపెర్మ్ న్యాయమైన జవాబే. ‘లేదు’ అనవలసిన చోట ‘కూడదు’ అన్నది వడపోత. దాని తప్పును లైబ్రరీ ఎందుకు మోయాలి?

సూక్ష్మదర్శి: నేను అన్నది గడియారాన్ని చదివే కాల్ గురించి మాత్రమే.

కాలయంత్రం: పరీక్ష కోసం సెకాంప్‌ను తీసేసి నడిపితే సమయం సరిగ్గా వచ్చింది. హోస్ట్ నా చేతిలో లేదు, దాన్ని చూసేవారికి రాశాను. ధన్యవాదాలు. అన్నట్టు, 4.19 మీద పాత కాల్‌తో నడిచినప్పుడు టైమ్_టీ 64 బిట్లదే అయినా, కెర్నల్ ఇచ్చేది 32 బిట్లే కదా. 32 బిట్ల సెకన్ల లెక్క నిండిపోయే 2038 జనవరి 19 దాటాక ఏమవుతుంది?

ముక్కుసూటి: అప్పటికీ 4.19 మీదే ఉంటారా?