మావయ్య వదిలిన పాత జీపు పికప్: ఎంత చెప్పమంటారు?

చీపురుపల్లి_మేనల్లుడు
మా మావయ్య పోయాక ఆయన బండి మా పెరట్లోకి వచ్చింది. మహీంద్రా ఎఫ్‌సీ-160 పికప్, 1974 నాటిది. ముక్కు లేని జీపు అంటారే, డ్రైవరు ముందు చక్రాల మీదే కూర్చుంటాడు, అదే. మావయ్య దాన్ని ఉన్నదున్నట్టు ఉంచలేదు. పెట్రోల్ ఇంజన్ తీసేసి మహీంద్రా ఎంఎం 540 జీపు డీజిల్ ఇంజన్ వేయించారు. పవర్ స్టీరింగ్, అల్లాయ్ చక్రాలు, వెనక తొట్టికి టేకు చెక్క కూడా. బిల్లులన్నీ కూడితే అయిదున్నర లక్షలు దాటింది. భీమిలి వైపు రిసార్టు నడిపే ఆయన చూసి రెండుంపావు ఇస్తానన్నారు. మా తమ్ముడేమో నెట్‌లో ఎవరో పదకొండు లక్షలకు పెట్టారు, దానికి తగ్గొద్దంటాడు. ఇలాంటివి కొన్నవాళ్లు, అమ్మినవాళ్లు చెప్పండి.

పాత_ఇనుము
పదకొండు అనేది అడుగుతున్న ధర. ఆ ప్రకటన ఎప్పటి నుంచి ఉందో చూడమనండి మీ తమ్ముణ్ని. నెలల తరబడి అక్కడే ఉందంటే ఆ రేటుకు ఎవరూ కొనలేదనేగా. మీకు కావలసింది చేతులు మారిన ధర. అది నెట్‌లో కనబడదు, కొన్నవాళ్లకి ఫోన్ చేసి అడగాలి. నేను అడుగుతుంటాను, చాలామంది చెప్పేస్తారు.

బిల్లులు కొనేవాడికి చూపించండి, పని బాగా జరిగిందని నమ్మకం కుదురుతుంది. అంతేగానీ వాటిని కూడి ధర కట్టకండి. టేకు మీ మావయ్యగారి ముచ్చట, దానికి ఇంకొకరు డబ్బివ్వరు. అల్లాయ్‌ల వల్ల నా లెక్కలో ధర తగ్గుతుంది కూడా. పవర్ స్టీరింగ్‌కి మాత్రం కొంత వస్తుంది. ఎఫ్‌సీలో బరువంతా ముందే, ఆగిన బండిని తిప్పాలంటే భుజాలు పోతాయి.

సాలూరు_లారీ
ఫొటోలో రంగు బాగుంది. రంగు చూసి మేము రేటు చెప్పం. బండి కిందకి దూరి ఛాసిస్ పట్టెలు, అంటే బండి బరువు మోసే పొడవాటి ఇనుప పట్టీలు, రెండూ సుత్తితో తట్టండి. ఖంగుమంటే పర్లేదు. మెత్తగా మోగితే లోపల తుప్పు తినేసినట్టే. బారువ, కళింగపట్నం పక్క తిరిగిన బళ్లలో మరీ చూడాలి, ఉప్పుగాలి ఊరుకోదు. చీపురుపల్లిలోనే ఉండి ఉంటే మీ అదృష్టం.

తర్వాత ఇంజన్ మౌంటింగులు, ఇంజన్‌ని ఛాసిస్‌కి బిగించే చోట్లు. పెట్రోల్‌కి చేసిన చోట డీజిల్ కూర్చోబెట్టారు కాబట్టి అక్కడ అతుకులుంటాయి. వెల్డింగ్ పక్కన సన్న పగులు ఉందేమో టార్చి వేసి చూడండి. గేరుబాక్సు కూడా మార్చారా, లేక పాత మూడు గేర్లదానికే తగిలించారా? బ్రేకులకి బూస్టర్ (తొక్కిన బలాన్ని పెంచేది) పెట్టారా? ఇంజన్ మార్చి బ్రేకులు వదిలేసిన బండిని నేనైతే ఊరికే ఇచ్చినా నడపను.

బుల్లెట్_బావ
1974 అంటే యాభై దాటింది కదా గురూ! వింటేజ్ కింద వీఏ నంబరు (పాతకాలపు బళ్లకిచ్చే ప్రత్యేక నంబరు) తెచ్చుకో, రేటు ఎక్కడికో పోద్ది.

ఆర్టీవో_వీధి
అది కుదరదండీ. 2021 జులైలో వచ్చిన వింటేజ్ నిబంధన యాభై ఏళ్లు దాటిన సొంత వాడకం బళ్లకే. పైగా ఛాసిస్, బాడీ, ఇంజన్‌లో పెద్ద మార్పులేవీ ఉండకూడదు. ఇది సరుకు బండి, ఇంజనే మారింది.

అసలు సంగతి ఆర్సీ. కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండి మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. ఇంజన్ మార్పుకి ముందు అనుమతి ఉండాలి, తర్వాత ఆర్సీలో ఎక్కించాలి. లేకపోతే 182ఏ కింద ఒక్కో మార్పుకి 5,000 జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ ఉండొచ్చు. ఆర్సీలో ఇంధనం ఏముందో, ఇంజన్ నంబరు ఏముందో, ఫిట్‌నెస్ ఎప్పటిదాకా ఉందో చూసి చెప్పండి.

ఇంకొకటి. యజమాని పోయారు కాబట్టి ముందు ఫారం 31తో బండి వారసుల పేరు మీదకి రావాలి. ఆ తర్వాతే ఫారం 29, 30తో అమ్మకం. విజయనగరం జిల్లా ఏర్పడింది 1979లో, అంతకుముందు చీపురుపల్లి శ్రీకాకుళం జిల్లాలోనే ఉండేది. కంప్యూటర్లో బండి కనబడకపోతే పాత రిజిస్టరు శ్రీకాకుళంలో వెతికించాల్సి రావొచ్చు.

చీపురుపల్లి_మేనల్లుడు
చూశాను. ఆర్సీలో పెట్రోల్ అనే ఉంది, నంబరూ పాత ఇంజన్‌దే. సరుకు రవాణా బండి, ఫిట్‌నెస్ 2017లో అయిపోయింది. సుత్తి పరీక్షలో పట్టెలు ఖంగుమన్నాయి, పగుళ్లు లేవు. గేరుబాక్సు కూడా 540దే, బూస్టర్ ఉంది. పాత ఇంజన్, పాత గేరుబాక్సు మావయ్య పశువుల శాలలో టార్పాలిన్ కప్పి ఉన్నాయి. పాత ఇనుముకి వేసేద్దామంటోంది అత్తయ్య.

పాత_ఇనుము
ఏటండీ, ఇది ముందు చెప్పాలి కదా! నా పేరు చూసి నాకే వేసేస్తారేమో, వేయకండి. దాని మీద నంబరు ఆర్సీతో కలిసిందా?

చీపురుపల్లి_మేనల్లుడు
కలిసింది. తుడిచి చూశాను.

పాత_ఇనుము
అయితే మీ దగ్గర రెండు బళ్లున్నట్టు లెక్క. డీజిల్‌తో ఇలాగే అమ్మితే కాగితాలకి భయపడి కొనేవాడు రేటు కోస్తాడు. శాలలో ఉన్న పాత పెట్రోల్ ఇంజన్, హరికేన్ అంటారు దాన్ని, అది కూడా ఇస్తానంటే, మళ్లీ మొదటి రూపానికి తేవాలనుకునేవాళ్లు వస్తారు. ఆ ఇంజన్ 2.2 లీటర్లది, విల్లీస్ జీపుల్లోనూ అదే. తిరగకుండా పట్టేసి ఉన్నా పరవాలేదు, బ్లాకు పగలకుండా ఉంటే చాలు.

కళింగపట్నం_గాలి
నేను మార్పులు చేసిన జీపు పికప్ కొని పడ్డ తలనొప్పి చెబుతాను. అయిదేళ్లు దాటిన బండి ఐడీవీ, అంటే ఇన్సూరెన్స్‌లో బండికి రాసే విలువ, మనమూ ఇన్సూరెన్స్ కంపెనీ మాట్లాడుకుని ఖాయం చేసుకునేదే. నేను పెద్ద మొత్తం రాయించాను, ప్రీమియం సంతోషంగా తీసుకున్నారు. కల్వర్టుకి గుద్దుకున్నాక సర్వేయరు వచ్చి మొదట ఇంజన్ నంబరే చూశాడు. ఆర్సీతో కలవలేదని క్లెయిమ్ తిరగ్గొట్టారు. అప్పట్నుంచి ఆర్సీతో కలవని ఇంజన్‌కి నేను లెక్క కట్టేది విడిభాగాల ధరే.

సాలూరు_లారీ
రిసార్టు ఆయనకి బండి నడవక్కర్లేదేమో, గేటు దగ్గర టీ కొట్టు పెట్టుకోవడానికే అయ్యుంటుంది. అలాంటాయనకి ఫిట్‌నెస్ పట్టదు.

ఆర్టీవో_వీధి
ఆయనకి పట్టకపోయినా మేనల్లుడిగారికి పట్టాలి. పేరు మార్చకుండా బండి ఇచ్చేస్తే, రేపు ప్రమాదం జరిగినప్పుడు ఆర్సీలో ఎవరి పేరుందో వాళ్లే జవాబుదారీ. 2018లో సుప్రీంకోర్టు చెప్పిందదే. ఫిట్‌నెస్ ఆలస్యానికి రోజుకి 50 చొప్పున, అంటే ఏడాదికి 18,250. ఇన్నేళ్లకి ఎంతవుతుందో ఆఫీసులో ముందే అడిగి, ఎవరు కట్టాలో తేల్చుకుని ధర మాట్లాడండి.

చీపురుపల్లి_మేనల్లుడు
సరేనండీ. ముందు అత్తయ్య పేరు మీదకి మారుస్తాం. రిసార్టు ఆయనకి పాత ఇంజన్‌తో కలిపి మూడున్నర చెబుతాను, బకాయిలు ఆయనవే, పేరు మారాకే తాళాలు. మూడు దాకా దిగుతాను. ఆయన కాదంటే పాత రూపం కావాలనేవాళ్ల కోసం చూస్తాను. తమ్ముడు అలిగాడు, వాడి సంగతి తర్వాత.

పాత_ఇనుము
మూడుకి తగ్గకండి. పట్టెలు బాగున్న ఎఫ్‌సీ మన వైపు రోజూ దొరకదు.

బుల్లెట్_బావ
ఆ హరికేన్ ఒక్కటీ విడిగా ఇస్తావా గురూ? రేపే ఆటో వేసుకొస్తాను.

చీపురుపల్లి_మేనల్లుడు
ఇవ్వను బావా.